స్పీడ్ ఫుల్, గేమ్ నిల్: తేడా ఎక్కడ?

"స్పీడ్ టెస్ట్‌లో 100 ఎంబీపీఎస్ వస్తోంది, అయినా వాలొరెంట్‌లో లాగ్!" మా హాస్టల్లో రోజూ వినపడే మాట ఇది. వెంటనే వచ్చే సలహా కూడా ఒకటే: తలా కొంత వేసుకుని పెద్ద ప్లాన్ తీసుకుందాం. డబ్బులు తీసే ముందు పది నిమిషాలు టెస్ట్ చేద్దాం అంటాను నేను.

ఎంబీపీఎస్ అంటే రోడ్డు వెడల్పు. పింగ్ అంటే మన ప్యాకెట్ సర్వర్ దాకా వెళ్లొచ్చే టైమ్. గేమ్ పంపే డేటా చాలా తక్కువ కాబట్టి దానికి వెడల్పు కన్నా టైమే ముఖ్యం. అది కూడా నిలకడగా ఉండాలి. 20కీ 150కీ మధ్య ఊగే పింగ్ కన్నా కదలకుండా 60 ఉంటేనే ఆడటం ఈజీ. ఈ ఊగుడునే జిట్టర్ అంటారు. ప్యాకెట్లు దారిలోనే పోతే ప్యాకెట్ లాస్. ఎదుటివాడు ఉన్నట్టుండి ఇంకోచోట ప్రత్యక్షమయ్యేది చాలాసార్లు దీనివల్లే.

ముందు గేమ్‌లో ఏ సర్వర్ ఉందో చూడండి. ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ సుమారు 3,300 కిలోమీటర్లు. అంటే రానూపోనూ 33 మిల్లీసెకన్లు దూరానికే పోతాయి. ఏ ప్లాన్ కొన్నా ఇది తగ్గదు. ముంబై సర్వర్ ఉంటే అదే పెట్టుకోండి.

తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో "ఐపీకాన్ఫిగ్" కొట్టండి. డిఫాల్ట్ గేట్‌వే దగ్గర కనపడే అడ్రస్సే మీ రూటర్. ఒక విండోలో దానికి, ఇంకో విండోలో గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8కి పింగ్ పెట్టి, గేమ్ ఆడుతూ రెండూ గమనించండి.

రూటర్ పింగే ఎగిరెగిరి పడుతుంటే తప్పు వై-ఫైది. గోడలు, పక్క రూముల రూటర్లు, ఒకే ఛానెల్ మీద పది ఫోన్లు. ల్యాన్ కేబుల్ పెడితే బెస్ట్. లేదంటే రూటర్‌కి దగ్గరగా కూర్చుని 5 గిగాహెర్ట్జ్‌కి మారండి.

రూటర్ పింగ్ బాగుండి 8.8.8.8 మాత్రమే పెరిగితే, ముందు లైన్‌ని ఎవరు నింపుతున్నారో చూడండి. మా రూమ్‌లో చూస్తే రూమ్మేట్ ఫోన్ ఫోటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కిస్తోంది. ఆ అప్‌లోడ్ ప్యాకెట్ల క్యూ వెనక గేమ్ ప్యాకెట్లు నిలబడిపోతున్నాయి. దీని పేరు బఫర్‌బ్లోట్. రూటర్‌లో ఎస్‌క్యూఎం ఉంటే ఆన్ చేసి, లిమిట్‌ని అసలు స్పీడ్ కన్నా కొంచెం తక్కువకి పెట్టండి. లేకపోతే బ్యాకప్‌ని రాత్రి పడుకునే ముందు పెట్టుకోమనండి, గొడవ లేకుండా పోతుంది.

ఎవరూ వాడకపోయినా 8.8.8.8 పింగ్ ఊగుతూనే ఉంటే, అప్పుడు లైన్‌ని అనుమానించాలి. టైమ్‌తో సహా స్క్రీన్‌షాట్లు తీసి కంప్లైంట్ పెట్టండి. "నెట్ స్లో" అంటే రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమంటారు. నంబర్లు చూపిస్తే లైన్ చెక్ చేయక తప్పదు. రెండు పింగ్‌లూ బాగుండి గేమ్ ఒక్కటే ఆగుతుంటే, సమస్య సర్వర్‌లోనో దానికి వెళ్లే దారిలోనో ఉండొచ్చు. ఆ పూటకి ర్యాంక్డ్ ఆపేసి అసైన్‌మెంట్ రాసుకోవడం మేలు.