ఇ విటమిను

నిలువయుంచిన వేరుసెనగనూనె కొన్ని మాసములకు కనరువాసన కొట్టుట మన యిండ్లలో నెల్ల రెఱిగినదే. గాలియందలి ప్రాణవాయువు సోకి నూనె చెడుటయే దీనికి ముఖ్యకారణము. మన దేహమునందలి ప్రతి జీవకణమును చుట్టియున్న పలుచని పొరయందును కొవ్వులు గలవు. అవియు నట్లే చెడును. ఒక యణువు చెడినచో, పూరియిండ్ల వరుసలో నిప్పంటుకొన్నట్లు, అది ప్రక్కదానిని చెఱచును. ఇ విటమిను నడుమ నడ్డుపడి యీ వరుసను త్రెంచును. అట్లు త్రెంచి తాను నిస్సారము కాగా, సి విటమిను దానిని మరల బాగుచేయును.

అయితే యీ విటమినునకు తొలుత వచ్చిన కీర్తి వేఱు. 1922వ సంవత్సరమున అమెరికాలోని బర్కిలీ పట్టణమందు హెర్బర్టు ఇవాన్సు, కాథరిన్ బిషప్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలకు శుద్ధిచేసిన యాహారమును పెట్టి పరీక్షించుచుండిరి. ఆడుయెలుకలు గర్భము దాల్చెను గాని పిండములు కడుపులోనే చచ్చి కరగిపోయెను. లెట్యూసు అను ఆకుకూరను చేర్చి పెట్టగా పిల్లలు కలిగెను. 1936లో ఇవాన్సును ఆయన సహచరులును గోధుమ యంకురముల నూనెనుండి యీ పదార్థమును వేఱుచేసి, ప్రసవమును కలిగించునది యను నర్థమిచ్చు గ్రీకు మాటలతో 'టోకోఫెరాల్' అని పేరిడిరి. పేరు సొంపుగనే యున్నది. కాని యెలుకకు చెల్లినదెల్ల మనుజునకు చెల్లదు. సంతానార్థమై దీనిని మ్రింగువారికి ఫలము కలుగునని స్థిరముగా రుజువు కాలేదు.

మనుష్యులలో దీని లోపము అరుదు. నెలలు నిండక పుట్టిన శిశువులయందును, కొవ్వును జీర్ణించుకొనలేని రోగులయందును అది కనబడును. మఱియొక తెగవారి సంగతి మిక్కిలి దయనీయము. తిన్న విటమినును ఏఱి నెత్తురులోనికి పంపు మాంసకృత్తు ఒకటి మన కాలేయమునందు గలదు. పుట్టుకతోనే యది లోపించినవారు ఎంత మంచి భోజనము చేసినను, బాల్యముననే నరములు క్షీణించి నడక తడబడును. తొలినాళ్లలోనే గుర్తించి పెద్ద మోతాదులు ఇచ్చినచో వ్యాధి ముదురకుండ నిలుచును. ఇట్టివారికి ఇది నిజముగా సంజీవియే.

తక్కినవారి యవసరము స్వల్పము. పెద్దవారికి దినమునకు 15 మిల్లీగ్రాములు చాలునని అమెరికా నిపుణుల నిర్ణయము. గుప్పెడు బాదముపప్పులోనే సుమారు 7 గలవు. పొద్దుతిరుగుడునూనె, వేరుసెనగలు, ఆకుకూరలు మిగిలినది తీర్చును.

అంగళ్లలో బంగారువన్నెతో మెఱయు గుళికలను కొని తినుట నిరపాయకరమని తలంపవలదు. అమెరికా, కెనడా మొదలగు చోట్ల 35,000కు పైగా పురుషులతో నొక గొప్ప పరీక్ష జరిగినది. దినమునకు 400 యూనిట్ల చొప్పున ఇ విటమినును మాత్రమే పుచ్చుకొన్నవారిలో ప్రోస్టేటు గ్రంథి క్యాన్సరు, ఉత్తగుళికలు తిన్నవారిలోకంటె నూటికి 17 వంతులు హెచ్చుగా నుండెనని 2011లో తేలినది. అదియుగాక, పెద్ద మోతాదులు రక్తము గడ్డకట్టుటను మందగింపజేయును. రక్తము గడ్డకట్టకుండుటకై ముందే మందు తినుచున్నవారికి దీనివలన రక్తస్రావభయము మఱింత హెచ్చును.