‘మంచం మీద నుంచి పడ్డాడు’ అంటే డాక్టర్లు అన్ని ప్రశ్నలు ఎందుకు అడుగుతారు? ఆ అనుమానం వెనుక అసలు కారణం ఇదే..

మూడు నెలల పసికందును ఎత్తుకుని ఎమర్జెన్సీ వార్డుకి పరుగెత్తుకొస్తారు. ‘మంచం మీద నుంచి దొర్లి పడ్డాడు డాక్టర్’ అంటారు. ఎప్పుడు పడ్డాడు? ఎవరు చూశారు? వెంటనే ఎందుకు తీసుకురాలేదు? అడిగిందే మళ్లీ అడుగుతారు డాక్టర్. పెద్దవాళ్లకు కోపం వస్తుంది. కానీ ఇంకా బోర్లా పడటమే రాని బిడ్డ మంచం మీద నుంచి ఎలా దొర్లాడు? డాక్టర్ అనుమానం మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

గాయం ఎక్కడుందన్నదే కీలకం

నడక వచ్చిన పిల్లలకు మోకాళ్లు, మోచేతులు, నుదుటిపై దెబ్బలు మామూలే. అదే నాలుగేళ్లలోపు పిల్లలకు ఛాతీ, పొట్ట, వీపు, చెవులు, మెడపై కమిలిన గుర్తులుంటే డాక్టర్లు అలర్ట్ అవుతారు. నాలుగు నెలలైనా నిండని బిడ్డకైతే ఒంటిపై ఎక్కడ కమిలినా సీరియస్సే.

వేడినీళ్లు పొరపాటున ఒలికితే కాలిన మచ్చలు చిందినట్టుగా ఉంటాయి. రెండు పాదాలూ సాక్సు తొడిగినట్టు ఒకే గీత వరకు కాలితే? నీళ్లలో ముంచారేమోనని అనుమానిస్తారు.

చెప్పే మాట పూటకోలా మారినా, రోజుల తరబడి ఆలస్యంగా తెచ్చినా, ఎక్స్‌రేలో పాత విరుగుళ్లు కనిపించినా అనుమానం బలపడుతుంది. 1962లో అమెరికా డాక్టర్ హెన్రీ కెంప్ బృందం ‘బ్యాటర్డ్ చైల్డ్ సిండ్రోమ్’ పేరుతో చెప్పింది కూడా ఇలాంటి గాయాల గురించే. అందుకే రెండేళ్లలోపు పిల్లలపై అనుమానం ఉంటే ఒళ్లంతా ఎక్స్‌రేలు తీయిస్తారు.

ప్రతి మచ్చా దెబ్బ కాదు

మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుము కింద నీలి మచ్చలుంటాయి. అవి దెబ్బలు కావు. రక్తం గడ్డకట్టని జబ్బు, ఎముకలు పెళుసుబారే జబ్బు ఉన్నా గాయాలు ఇలాగే కనిపిస్తాయి. అందుకే పరీక్షలు చేస్తారు. తప్పు లేని తల్లిదండ్రులకు రక్షణ కూడా ఆ పరీక్షలే.

జబ్బు తగ్గాలని వాతలు పెట్టే అలవాటు కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. ప్రేమతో పెట్టినా బిడ్డకు అది కాలిన గాయమే!

చట్టం ఏం చెబుతోంది?

లైంగిక దాడి జరిగిందన్న అనుమానం ఉంటే చాలు, పోక్సో చట్టం–2012 ప్రకారం పోలీసులకు చెప్పాల్సిందే. దాచిపెడితే 6 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మంచి ఉద్దేశంతో చెప్పినవారిపై కేసులుండవు. ఎఫ్‌ఐఆర్ లేకపోయినా వైద్య పరీక్ష చేయొచ్చు. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి. పక్కన బిడ్డ నమ్మే మనిషి ఉండాలి. ప్రైవేట్ ఆస్పత్రి అయినా చికిత్స ఉచితమే.

పిల్లలను సాకాల్సినవారే హింసిస్తే జువెనైల్ జస్టిస్ చట్టం–2015 కింద 3 ఏళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు.

ఎవరు చేశారో తేల్చడం డాక్టర్ పని కాదు. అది పోలీసులు, కోర్టు చూసుకుంటాయి. డాక్టర్ పని గాయాన్ని గుర్తించడం, రాసిపెట్టడం, సమాచారం ఇవ్వడం. ‘మనకెందుకులే’ అని కట్టు కట్టి పంపించేస్తే, ఆ బిడ్డ మళ్లీ అదే ఇంటికి వెళ్తాడు. తర్వాతి దెబ్బ ఇంకా పెద్దది కావచ్చు.

మీకు తెలిసిన చిన్నారి విషయంలో అనుమానం ఉందా? వెంటనే 1098కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. రుజువులు మీరు వెతకాల్సిన పనిలేదు. అనుమానం చెబితే చాలు.