ఏ యాప్ నుంచైనా ఏ యాప్‌కైనా

ఇన్‌స్టంట్ మెసేజింగ్‌లో ఓపెన్ స్టాండర్డ్ అంటే, సందేశం ఏ రూపంలో వెళ్లాలో, చిరునామా ఎలా ఉండాలో, ఒక సర్వర్ ఇంకో సర్వర్‌తో ఎలా మాట్లాడాలో అందరికీ కనిపించేలా రాసిపెట్టిన నియమావళి. అది చదివి ఎవరైనా యాప్ తయారుచేయవచ్చు, ఎవరైనా సర్వర్ నడుపుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈమెయిల్ నడిచేది ఇలాగే. జీమెయిల్ నుంచి యాహూకు, అక్కడి నుంచి ఏదో కాలేజీ సొంత సర్వర్‌కు ఉత్తరం ఇట్టే వెళ్లిపోతుంది. చాట్‌కు వచ్చేసరికి ఆ వెసులుబాటు లేదు. వాట్సాప్‌లో ఉన్నవాళ్లు వాట్సాప్ వాళ్లతోనే, టెలిగ్రామ్‌లో ఉన్నవాళ్లు టెలిగ్రామ్ వాళ్లతోనే మాట్లాడుకోవాలి. అందుకే బంధువులకు ఒకటి, ఆఫీసుకు ఒకటి, అపార్ట్‌మెంటు సంఘానికి మరొకటి అంటూ ఫోన్ నిండా యాప్‌లు. సాంకేతికంగా ఇలా ఉండి తీరాల్సిన అవసరం ఏమీ లేదు. దీనికి విరుగుడు పాతికేళ్ల కిందటే తయారైంది.

జాబర్ రోజులు

చాట్ ప్రపంచంలో గోడలు మొదటి నుంచీ ఉన్నవే. ఇజ్రాయెల్ కంపెనీ మిరాబిలిస్ 1996లో ఐసీక్యూను తెచ్చింది. ఆ వెనకే ఏఓఎల్, యాహూ, మైక్రోసాఫ్ట్ ఎవరి మెసెంజర్‌తో వారు రంగంలోకి దిగారు. 1999 జులైలో మైక్రోసాఫ్ట్ తన మెసెంజర్‌ను విడుదల చేస్తూ, ఏఓఎల్ వాడేవాళ్లతోనూ అందులోంచే మాట్లాడే ఏర్పాటు చేసింది. ఏఓఎల్ వెంటనే దారి మూసింది. మైక్రోసాఫ్ట్ ఇంకో సందు వెతికితే అదీ మూసింది. నెలల తరబడి ఈ దాగుడుమూతలు సాగాక మైక్రోసాఫ్టే వెనక్కి తగ్గింది.

అదే ఏడాది జనవరిలో అమెరికాకు చెందిన జెరెమీ మిల్లర్ జాబర్ అనే ప్రాజెక్టును ప్రకటించారు. సర్వర్ ఎవరిదైనా, యాప్ ఏదైనా సందేశాలు అటూ ఇటూ పోవాలన్నది దాని ఉద్దేశం. ఇంటర్నెట్ ప్రమాణాలను ఖరారు చేసే ఐఈటీఎఫ్ 2004 అక్టోబరులో ఆ పద్ధతిని ఎక్స్‌ఎంపీపీ పేరుతో అధికారిక పత్రాలుగా వెలువరించింది.

ఎక్స్‌ఎంపీపీలో చిరునామా అచ్చం ఈమెయిల్‌దిలాగే ఉంటుంది: ముందు పేరు, మధ్యలో @ గుర్తు, వెనక సర్వర్ పేరు. లక్ష్మి ఖాతా కాలేజీ సర్వర్‌లో, రవి ఖాతా అతని ఆఫీసు సర్వర్‌లో ఉన్నాయనుకుందాం. లక్ష్మి పంపిన మెసేజ్ ముందు కాలేజీ సర్వర్‌కు చేరుతుంది. అది రవి చిరునామాలోని సర్వర్ పేరు చూసి, ఆ సర్వర్ ఎక్కడుందో ఇంటర్నెట్ పేర్ల పట్టిక డీఎన్ఎస్‌లో వాకబు చేస్తుంది. సాధారణంగా 5269 నంబరు పోర్టులో దాని తలుపు తడుతుంది. అవతలిది నిజంగా ఆ ఆఫీసు సర్వరేనా అని భద్రతా ధ్రువపత్రం చూసుకుని మెసేజ్ అప్పగిస్తుంది. రవి ఫోన్ ఆఫ్‌లో ఉంటే అతని సర్వరే దాచిపెట్టి తర్వాత అందిస్తుంది. ఈ మొత్తం తతంగంలో మూడో కంపెనీ చేయి ఎక్కడా పడదు.

గూగుల్ తెరిచిన తలుపు, మూసిన తలుపు

ఈ పద్ధతికి మహర్దశ పట్టించింది గూగుల్. 2005 ఆగస్టులో వచ్చిన గూగుల్ టాక్ ఎక్స్‌ఎంపీపీ మీదే నడిచింది. 2006 జనవరిలో బయటి సర్వర్లకూ దారి తెరిచింది. దాంతో పదిమంది పనిచేసే చిన్న ఆఫీసు కూడా సొంత సర్వర్ పెట్టుకుని జీమెయిల్ వాడే లక్షల మందితో నేరుగా చాట్ చేయగలిగింది. ఫేస్‌బుక్ 2010లో తన చాట్‌కు ఎక్స్‌ఎంపీపీ యాప్‌లను అనుమతించింది, అయితే సర్వర్‌కు సర్వర్‌కు మధ్య దారి మాత్రం ఇవ్వలేదు. ఓపెన్ స్టాండర్డ్ గెలిచేసిందని ఆ రోజుల్లో చాలామంది నమ్మారు.

2013 మేలో గూగుల్ హ్యాంగవుట్స్‌ను ప్రకటించింది. అందులో బయటి సర్వర్లకు చోటు లేదు. పాత టాక్ వాడేవాళ్లు ఒక్కొక్కరే హ్యాంగవుట్స్‌కు మారుతున్న కొద్దీ, సొంత సర్వర్లు నడుపుకునేవాళ్ల కాంటాక్టుల జాబితాలో జీమెయిల్ పేర్లు ఒక్కొక్కటే మూగబోయాయి. ఫేస్‌బుక్ కూడా 2015లో తన దారి మూసేసింది. ప్రమాణం ఎక్కడికీ పోలేదు. అది నేటికీ చక్కగా పనిచేస్తోంది. మారిందల్లా జనం. అత్యధికులు ఒకే కంపెనీ గొడుగు కింద ఉన్నప్పుడు, ఆ గొడుగు మూయాలా వద్దా అన్నది ఆ కంపెనీ ఇష్టం. ఓపెన్ స్టాండర్డ్ ఉంటే చాలు, స్వేచ్ఛ దానంతట అదే వస్తుందన్న భ్రమ అక్కడితో తీరిపోవాల్సింది.

వాట్సాప్ సంగతి మరీ విచిత్రం. 2009లో మొదలైన ఈ కంపెనీ తన సర్వర్లను కట్టుకున్నది ఈజాబర్డీ అనే ఎక్స్‌ఎంపీపీ సాఫ్ట్‌వేర్ పునాది మీదే. లోపల వాడుకుంది గానీ బయటికి కిటికీ కూడా పెట్టలేదు. 2014లో ఫేస్‌బుక్ దాన్ని 1900 కోట్ల డాలర్లకు కొంటానని ప్రకటించినప్పుడు ఆ ధరలో సింహభాగం కోడ్‌ది కాదు, లోపల ఉన్న జనానిది.

తప్పంతా కంపెనీలదే అనడమూ సరికాదు. ఎక్స్‌ఎంపీపీ కంప్యూటర్ల కాలంలో పుట్టింది. ఫోన్ బ్యాటరీని పొదుపు చేయడం, ఒకే ఖాతాను మూడు పరికరాల్లో తెరిచినా పాత సంభాషణ అంతటా కనిపించడం వంటివి తర్వాత అనుబంధాలుగా వచ్చి చేరాయి. ఏ యాప్‌లో ఏ అనుబంధం ఉందో తెలిసేది కాదు. మామూలు మనిషికి అంత ఓపిక ఎక్కడిది?

మ్యాట్రిక్స్

2014 సెప్టెంబరులో మాథ్యూ హాడ్జ్‌సన్, అమాండీన్ లె పాప్ బృందం మ్యాట్రిక్స్ అనే మరో ఓపెన్ స్టాండర్డ్‌ను బయటపెట్టింది. 2019 జూన్‌లో అది 1.0 స్థాయికి చేరింది. ఇందులో సందేశం చేతులు మారే వస్తువు కాదు, గదిలో నమోదయ్యే ఘటన. ఒక చాట్ గదిలో ఐదు సర్వర్లకు చెందిన సభ్యులుంటే ఆ గది చరిత్ర ప్రతులు ఐదింటిలోనూ ఉంటాయి. ఒక సర్వర్ పడిపోయినా మిగతా నాలుగింటి వాళ్లు మాట్లాడుకుంటూనే ఉంటారు. పడిపోయింది తిరిగి లేచాక, తప్పిపోయిన భాగాన్ని తోటి సర్వర్ల నుంచి తెచ్చుకుంటుంది. దీనికి చెల్లించే మూల్యం తక్కువేమీ కాదు. పెద్ద గదుల ప్రతులు దాచుకోవడానికి సర్వర్‌కు చాలా నిల్వ స్థలం, మెమరీ కావాలి.

2019 ఏప్రిల్‌లో ఈ ఏర్పాటుకు అనుకోని పరీక్ష ఎదురైంది. మ్యాట్రిక్స్ ప్రాజెక్టు తానే నడిపే ప్రధాన సర్వర్‌లోకి చొరబాటుదారులు దూరారు. దాన్ని ఆపేసి మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. ఇతర సర్వర్లు ఏమీ జరగనట్టే నడిచాయి. ప్రధాన సర్వర్‌లో ఖాతాలున్న వారందరినీ మాత్రం లాగవుట్ చేయించారు. తమ ఎన్‌క్రిప్షన్ తాళాలకు (కీలకు) బ్యాకప్ పెట్టుకోనివారికి ఎన్‌క్రిప్ట్ అయిన పాత మెసేజ్‌లు ఇక తెరుచుకోలేదు. విడివిడి సర్వర్లు ఉండాలన్న సూత్రం మీద కట్టిన వ్యవస్థలోనూ జనం ఒకే సర్వర్ దగ్గర గుమిగూడటం గమనించాల్సిన విషయం.

తాళాల గొడవ తేలిక చేయడానికి మ్యాట్రిక్స్ యాప్‌లు ఒక చమత్కారం చేశాయి. ఇద్దరు తమ మధ్య మూడో కన్ను లేదని నిర్ధారించుకోవాలంటే పొడవాటి అంకెలు చదువుకోనక్కర్లేదు. రెండు తెరల మీదా ఏడేసి ఎమోజీలు కనిపిస్తాయి. ఇక్కడ కుక్క, గొడుగు, తాళం వరుసగా ఉంటే అక్కడా అదే వరుసలో ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా మధ్యలో ఎవరో ఉన్నట్టే.

మారినవాళ్లు ఎలా మారారు

ఓపెన్ స్టాండర్డ్‌కు మారి నిలిచిన వారిని చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. వ్యక్తులు ఒక్కొక్కరే కాదు, సంస్థలు మూకుమ్మడిగా మారాయి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా ఏళ్ల తరబడి ఐఆర్‌సీ అనే చాట్ పద్ధతి మీద నడిచింది. 1988లో ఫిన్లాండ్‌లో పుట్టిన ఐఆర్‌సీ కూడా బహిరంగ పద్ధతే. కానీ ఎవరు ఎవరో పోల్చుకునే ఏర్పాటు సరిగా లేక వేధింపులకు అడ్డుకట్ట పడలేదు. మొజిల్లా నాలుగు వ్యవస్థలను పరీక్షించి మ్యాట్రిక్స్‌ను ఎంచుకుంది. 2020 మార్చిలో పాత సర్వర్‌ను మూసేసింది. ఆ మూసేయడమే కీలకం. పాతదీ కొత్తదీ పక్కపక్కన నడుస్తుంటే పాతచోటే జనం పోగవుతారు.

ఫ్రాన్స్ దారి ఇంతకంటే మెలికలు తిరిగింది. మంత్రులు, అధికారులు విదేశీ యాప్‌లలో ప్రభుత్వ విషయాలు మాట్లాడుకోవడం ఆ ప్రభుత్వానికి మింగుడుపడలేదు. మ్యాట్రిక్స్ ఆధారంగా 2019 ఏప్రిల్‌లో చాప్ అనే యాప్ తెచ్చింది. 1790లలో కొండల మీది బురుజులపై యాంత్రిక చేతుల సంజ్ఞలతో సందేశాలు పంపే వ్యవస్థ కట్టిన క్లాడ్ షాప్ పేరు మీదుగా వచ్చిన పేరది. సర్కారీ ఈమెయిల్ ఉన్నవారికే ప్రవేశం. విడుదలైన రోజే ఒక భద్రతా పరిశోధకుడు తన సొంత ఈమెయిల్ వెనక అధ్యక్ష భవనం చిరునామా ఒకటి తగిలించి లోపలికి వెళ్లిపోయాడు. తనిఖీ చేసే భాగం చివరి చిరునామా చూసి సరేనంది. ధ్రువీకరణ మెయిల్ మొదటి చిరునామాకు వెళ్లింది. ఆ లొసుగును గంటల్లోనే పూడ్చారు.

లొసుగు కంటే అలవాటు మొండిది. 2023 చివర్లో నాటి ప్రధాని ఎలిజబెత్ బోర్న్ మంత్రులను ఓల్విడ్ అనే ఫ్రెంచ్ యాప్‌కు మారమన్నారు. 2025 జులైలో ఫ్రాంస్వా బైరూ ప్రభుత్వం ఆ సెప్టెంబరు నుంచి చాప్‌నే వాడాలని ఆదేశించింది. అంటే యాప్ చేతికొచ్చి ఆరేళ్లయినా చెప్పి మార్పించాల్సి వచ్చింది. జర్మనీ సైన్యం కూడా మ్యాట్రిక్స్ ఆధారిత మెసెంజర్ వాడుతోంది. అక్కడి వైద్యరంగం తన సందేశాలకు అదే ప్రమాణాన్ని ఎంచుకుంది.

జర్మనీ సైన్యం నమ్ముకున్న ఈ ప్రమాణం మీద నడిచే ఎలిమెంట్ యాప్ 2023 మేలో భారత ప్రభుత్వం నిషేధించిన 14 యాప్‌ల జాబితాలోకి ఎక్కింది. జమ్మూకశ్మీర్‌లో ఉగ్రవాదులు వాడుతున్నారన్నది కారణం. యాప్‌ను ఆపినా ప్రమాణం ఆగదు. అదే ఖాతాను వేరే యాప్‌లోంచి తెరుచుకోవచ్చు. పాలకులను ఓపెన్ స్టాండర్డ్ ఆకర్షించేదీ, కలవరపెట్టేదీ ఈ గుణమే.

చట్టం చేయగలిగింది

సంస్థలు మూకుమ్మడిగా మారడం ఒక మార్గమైతే, జనం ఉన్నచోటే తలుపు తెరిపించడం రెండో మార్గం. యూరోపియన్ యూనియన్ డిజిటల్ మార్కెట్ల చట్టం చేస్తున్నది అదే. 2023 సెప్టెంబరులో వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్‌లను ఆ చట్టం పరిధిలోకి తెచ్చారు. వేరే సర్వీసు అడిగితే ముందు ఇద్దరి మధ్య సందేశాలకు, రెండేళ్లలో గ్రూపులకు, నాలుగేళ్లలో కాల్స్‌కు దారి ఇవ్వాలి. 2025 నవంబరులో బర్డీచాట్, హైకెట్ అనే రెండు చిన్న యాప్‌లతో యూరప్‌లో వాట్సాప్ అనుసంధానాన్ని దాని యజమాని మెటా (ఒకప్పటి ఫేస్‌బుక్ కంపెనీ) ప్రకటించింది. దాన్ని వాడుకోవాలా వద్దా అన్నది వినియోగదారుడి ఇష్టం. సిగ్నల్ మాత్రం తన గోప్యతా స్థాయి తగ్గుతుందంటూ ఇలాంటి అనుసంధానానికి ముఖం చాటేసింది.

ఆ భయంలో పస ఉంది. రెండు యాప్‌ల తాళాలు వేర్వేరుగా ఉంటే మధ్యలో ఎవరో మెసేజ్ విప్పి మళ్లీ కట్టాలి. విప్పిన క్షణంలో గోప్యత పోయినట్టే. అందుకే తాళం వేసే పద్ధతినే ఉమ్మడి ప్రమాణం చేయాలని ఐఈటీఎఫ్ 2023 జులైలో ఎంఎల్ఎస్‌ను ఖరారు చేసింది. వేలమంది ఉన్న గ్రూపులో ఒకరు బయటికి వెళ్లినప్పుడు మిగతా అందరికీ విడివిడిగా కొత్త తాళాలు పంచే పని లేకుండా, తాళాలను చెట్టు కొమ్మల్లా అమర్చడం దాని ప్రత్యేకత.

భారత్‌లో ఈ చర్చ 2025 సెప్టెంబరులో జోహో వారి అరట్టై యాప్‌కు ఒక్కసారిగా గిరాకీ పెరిగినప్పుడు వినిపించింది. చాట్ కూడా యూపీఐలా ఏ యాప్ నుంచైనా ఏ యాప్‌కైనా వెళ్లాలని జోహో వ్యవస్థాపకుల్లో ఒకరైన శ్రీధర్ వెంబు అన్నారు. ఫోన్‌పే నుంచి గూగుల్‌పేకు డబ్బు పంపేవాళ్లకు ఆ మాట అర్థం కావడానికి ఎక్స్‌ఎంపీపీ తెలియనక్కర్లేదు. అయితే యూపీఐ వెనక నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్, రిజర్వు బ్యాంకు ఉన్నాయి. చాట్ వెనక అలాంటి పెద్ద దిక్కు లేదు.

ఈలోగా ప్రభుత్వాలే వాట్సాప్‌లోకి నడిచి వెళుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో ‘మన మిత్ర’ను వాట్సాప్‌లో ప్రారంభించింది. జనం ఎక్కడుంటే అక్కడికే సేవ తీసుకెళ్లడం తెలివైన పనే. ఆఫీసు చుట్టూ తిరిగే శ్రమ తప్పుతుంది. కానీ ఆ దారి షరతులు రాసేది రాష్ట్రం కాదు, మెటా. పెద్ద వేదికలకు ముందే హద్దులు గీసే డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదాను కేంద్రం నియమించిన కమిటీ 2024 మార్చిలో బయటపెట్టింది. యూరప్‌లో చిన్న యాప్‌లకు వాట్సాప్ తెరిచిన తలుపును ఇక్కడా తెరవమని చెప్పే చట్టం భారత్‌లో ఇంకా లేదు.