బిళ్లలు, కామెర్లు, కూలీలు

డోర్నకల్ పల్లెల్లో మిరపకాయ ఏరే కూలీ దవాఖానకు పోతే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే జ్వరమొస్తే మందుల షాపులో అడిగి నాలుగు బిళ్లలు మింగుతాం. వాటిలో యాంటీబయాటిక్ ఉంటే ఒక్కోసారి లివర్ దెబ్బతింటుంది.

ఈ ముప్పు అన్ని వయసులకూ ఒకటి కాదు. మన దేశంలో మందుల వల్ల లివర్ చెడిన కేసుల్లో క్షయ మందులదే పెద్ద వాటా. వాటిలో ఐసోనియాజిడ్‌తో 20 ఏళ్ల లోపువారికి ప్రమాదం బహు తక్కువ; 35 దాటితే పెరుగుతుంది, 50 దాటితే ఇంకా ఎక్కువ. మామూలు జబ్బులకు వాడే అమాక్సిసిలిన్-క్లావులనేట్ ముఖ్యంగా ముసలివాళ్లకు కామెర్లు తెస్తుంది. మందు ఆపిన కొన్ని వారాలకు కూడా రావచ్చు. తాగుడు, తిండి లేమి ముప్పును పెంచుతాయి.

అలాగని భయపడి క్షయ మందు మానేయొద్దు, రోగం మొండికేస్తుంది. కానీ అన్నం సయించక వాంతులైనా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా, కళ్లు పచ్చబడినా మరో బిళ్ల వేసుకోకుండా అదే రోజు సర్కారు దవాఖానకు పోవాలి. రక్తం పరీక్ష చూసి ఏ మందు ఆపాలో, ఏది మార్చాలో డాక్టరే చెప్పాలి.

చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదని చట్టం ఉంది. చీటీ రాసే డాక్టరు అందుబాటులో లేకపోతే ఆ చట్టం కాగితానికే. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఉండాలి, లివర్ పరీక్ష ఉచితంగా జరగాలి. కూలి రేటుతో పాటు ఇదీ మన డిమాండే.