ప్రశ్న మార్చి చూస్తే

పోచంపల్లి చీర మీద మెరిసే డిజైన్ మగ్గం మీద పుట్టదు. నేతకు ముందే దారాన్ని లెక్క ప్రకారం చుట్టి, కట్లు కట్టి, రంగుల్లో ముంచుతారు. అలా చుట్టడాన్ని ఆసు పోయడం అంటారు. అర్ధచంద్రాకారంలో మేకులు దిగ్గొట్టిన చట్రం ముందు కూర్చుని, దాదాపు మీటరు దూరం చేతిని పైకీ కిందికీ ఆడిస్తూ దారం చుట్టాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు! అయిదారు గంటలు పట్టే ఈ చాకిరీ ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల మీదే పడేది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి భుజం నొప్పిని చూస్తూ పెరిగిన చింతకింది మల్లేశం, ఆరో తరగతితోనే చదువు ఆగిపోయినా, 1992లో ఒక యంత్రం తయారీకి పూనుకున్నారు. 1999 నాటికి అది పూర్తయింది. తల్లి పేరు పెట్టిన ఆ లక్ష్మీ ఆసు యంత్రం ఒక చీరకు గంటన్నరలో ఆసు పోసేస్తుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ కథను మనం పట్టుదలకు ఉదాహరణగా చెప్పుకుంటాం. అది నిజమే కానీ, పట్టుదల మాత్రమే చూస్తే అసలు కిటుకు జారిపోతుంది. భుజం నొప్పి పుడుతోంది కాబట్టి చేతికి విశ్రాంతి ఎలా ఇవ్వాలని అడిగితే మందులూ సాయం చేసే మరో మనిషీ తప్ప వేరే జవాబు దొరకదు. దారం ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలి, మేకును ఎలా చుట్టాలి, తర్వాతి మేకుకు ఎలా జరగాలి అని అడిగితే చేయి పక్కకు తప్పుకుంటుంది, కదలికలు మిగులుతాయి. కదలికలను విడగొట్టి ఒక్కొక్కటిగా సాధించవచ్చు. కష్టమైన సమస్యల్లో చిక్కుముడి చాలాసార్లు మనం వేసుకున్న ప్రశ్నలోనే ఉంటుందని, దాన్ని తిరగరాస్తే అప్పటిదాకా కనబడని దారి కనబడుతుందని నా వాదన.

1971 సంగతి చూడండి. బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో శరణార్థులతో కిక్కిరిసిన పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో కలరా చెలరేగింది. సెలైన్ నిల్వలు అడుగంటాయి, ఎక్కించడానికి చేయి తిరిగిన సిబ్బందీ చాలలేదు. ఇంకా సెలైన్ ఎక్కడ దొరుకుతుంది అనే ప్రశ్నకు అక్కడ జవాబు లేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం మరో దారి పట్టింది. ఒంట్లోకి నీళ్లూ లవణాలూ చేరాలి, అంతే కదా. అవి సూది గుండానే ఎందుకు పోవాలి? ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన పొట్లాలు కట్టించి, ఆ నీళ్లు తాగించే పనిని రోగుల తల్లులకూ బంధువులకూ అప్పగించారు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు ఆ ద్రావణం వాడిన శిబిరంలో నాలుగు శాతం లోపుకు దిగాయి. ఇవాళ మందుల దుకాణంలో కొద్ది రూపాయలకు దొరికే ఓఆర్ఎస్ పొట్లం మీద ప్రపంచానికి నమ్మకం కుదరడంలో ఆ శిబిరానిది పెద్ద పాత్ర.

గోదావరి మీద ఆనకట్ట కథలోనూ ఇదే మలుపు ఉంది. నందన నామ సంవత్సరపు కరువుతో దెబ్బ తిన్న గోదావరి ప్రాంతానికి నీళ్లివ్వాలంటే నదికి అడ్డుకట్ట వేయాలి. ధవళేశ్వరం దగ్గర నది అడుగంతా ఇసుక. గట్టి నేల ఎంత లోతులో తగులుతుందని వెతుకుతూ కూర్చుంటే పని మొదలే కాదు. ఆనకట్ట కట్టిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ అంతకుముందు కావేరి మీద చోళుల నాటి కల్లణైని పరిశీలించి ఉన్నారు. బరువైన రాళ్లను ఇసుకలోకి దించి, అవి కుంగి కుదురుకునే కొద్దీ పైన మళ్లీ రాళ్లు వేస్తూ పోతే ఇసుకే ఆధారమవుతుందని ఆ పాత కట్టడం నేర్పింది. 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇసుకను ఎలా తప్పించుకోవాలి అన్న ప్రశ్న ఇసుక మీదే ఎలా నిలబడాలి అన్న ప్రశ్నగా మారింది.

ఇదంతా మహానుభావుల వ్యవహారం, మనబోటి వాళ్లకు ఎక్కడ సాధ్యం అనవచ్చు. కానీ ఈ మూడు కథల్లోనూ మెరుపులా వచ్చిన ఆలోచన కన్నా ముందే పోగైన ఎరుకే ఎక్కువ. గ్లూకోజు ఉంటే పేగులు ఉప్పునూ నీటినీ బాగా పీల్చుకుంటాయని 1960ల్లోనే శాస్త్రజ్ఞులు తేల్చారు. కాటన్‌కు కావేరి పాఠం తెలుసు. మల్లేశానికి ఆసు పని చిన్ననాటి నుంచీ కళ్లెదుటే ఉంది. సమస్యను దగ్గరగా ఎరిగినవాడికే ప్రశ్నలో ఏ మాట అనవసరంగా చేరిందో తెలుస్తుంది. ఇంటి సమస్యకూ ఇదే వర్తిస్తుంది. పెద్దాయన బీపీ మాత్ర వేసుకోవడం మరచిపోతున్నారనుకోండి. గుర్తుంచుకోమని ఎంత పోరినా ఫలితం ఉండదు. మరచిపోయిన సంగతి బయటపడేది ఎలా అని అడిగితే, వారం రోజులకు ఏడు అరలున్న ఓ చిన్న డబ్బా చాలు. నిండుగా మిగిలిన అరే చెప్పేస్తుంది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. లేమిలో పుట్టిన ఉపాయాలను పొగడటం ఆ లేమిని సమర్థించడం కాదా? సర్కారు చేయాల్సిన పనిని సామాన్యుడి తెలివికి వదిలేయడం కాదా? ఈ మాటలో న్యాయం ఉంది. ఆ యంత్రం కోసం మల్లేశం కుటుంబం ఏళ్ల తరబడి భరించిన ఇబ్బంది ఎవరికీ ఆదర్శం కానక్కర్లేదు. గ్రామీణ ఆవిష్కర్తలకు అండగా నిలిచే పల్లె సృజన వంటి సంస్థల తోడు అటువంటివారికి మొదటి రోజే అందాలి. ఓఆర్ఎస్ ఉంది కదా అని మంచినీటి కుళాయి మానేస్తామా? ఉపాయం ప్రాణాన్ని నిలబెడుతుంది, కలరా రాకుండా చూసేది మాత్రం శుభ్రమైన నీరే. రెండూ కావాలి.

ప్రశ్న మార్చడం ఒక్కోసారి తప్పించుకోవడం కూడా అవుతుంది. జీతం చాలడం లేదన్న ఉద్యోగికి ఖర్చులు తగ్గించుకొమ్మని చెప్పే యజమాని కూడా ప్రశ్న మార్చినట్టే. తేడా కనిపెట్టడానికి ఒకే గీటురాయి: మొదట ఎవరు బాధ పడుతున్నారో వారి బాధ తగ్గిందా, లేక అది కనబడకుండా పోయిందా? లక్ష్మి గారి భుజాన్ని అడిగి చూస్తే జవాబు తెలుస్తుంది. ఆ భుజానికి ఊరట ఇవ్వని ఉపాయం ఎంత చమత్కారంగా ఉన్నా మాటల గారడీయే.