టి.ఎస్.హెచ్. పెరిగితే థైరాయిడ్ ఎక్కువైనట్టు కాదు

థైరాయిడ్ రక్తపరీక్ష రిపోర్టులో సాధారణంగా టి3, టి4, టి.ఎస్.హెచ్. అని మూడు వరుసలు ఉంటాయి. పక్కనే మామూలుగా ఉండవలసిన హద్దులు అచ్చువేసి ఉంటాయి. హద్దు దాటిన అంకె లావుపాటి అక్షరాల్లో కనబడగానే ఇంటిల్లిపాదికీ గుబులు పుడుతుంది. "టి.ఎస్.హెచ్. 14 వచ్చిందండీ, థైరాయిడ్ బాగా ఎక్కువైపోయింది, అందుకే మాత్ర ఆపేశాను" అని చెప్పే అక్కచెల్లెళ్లు ఓపీకి వస్తూనే ఉంటారు. నిజానికి అలాంటివారిలో చాలామందికి మాత్ర ఆపడం కాదు, మోతాదు పెంచడం అవసరమవుతుంది.

టి.ఎస్.హెచ్. అనేది థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్ కాదు. మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్‌ను పని చేయించడానికి పంపే ఆజ్ఞ అది. ఇల్లు కట్టేచోట మేస్త్రీని తలచుకోండి. కూలీలు చురుగ్గా ఉంటే అతను నోరు మెదపడు. పని మందగిస్తే కేకలు వేస్తాడు. అలాగే రక్తంలో టి4 తగ్గితే టి.ఎస్.హెచ్. పెరుగుతుంది, టి4 ఎక్కువైతే టి.ఎస్.హెచ్. పడిపోతుంది. కనుక టి.ఎస్.హెచ్. పెరిగిందంటే సాధారణంగా థైరాయిడ్ మందగించిందని అర్థం. దీన్నే హైపోథైరాయిడిజం అంటారు. ఈ మేస్త్రీ కాస్త కోపిష్టి కూడా. టి4 కొద్దిగా తగ్గినా టి.ఎస్.హెచ్. ఎన్నో రెట్లు పెరుగుతుంది. 7 ఉన్నది 14 అయితే జబ్బు రెట్టింపయిందని అనుకోనక్కర లేదు.

పెద్దవారిలో టి.ఎస్.హెచ్. సుమారు 0.4 నుండి 4.5 వరకు మామూలు. ల్యాబును బట్టి ఇది కొద్దిగా మారుతుంది. మీ అంకెను మీ రిపోర్టులో ఇచ్చిన హద్దులతోనే పోల్చుకోండి, పక్కింటివారి రిపోర్టుతో కాదు. ఫ్రీ టి4కు కొలమానమే వేరుగా ఉండవచ్చు. మన దగ్గర ఎక్కువగా డెసిలీటరుకు ఇన్ని నానోగ్రాములని ఇస్తారు, ఇంగ్లండులో లీటరుకు ఇన్ని పికోమోల్స్ అని ఇస్తారు. ఇక్కడి 1.2 అక్కడ 15.4 అవుతుంది, రెండూ ఒకటే. కొడుకు దగ్గరకు లండన్ వెళ్లి పరీక్ష చేయించుకున్న తల్లికి హార్మోన్ అంతలోనే పదమూడు రెట్లు పెరిగిపోలేదు.

"రిపోర్టు నార్మల్ వచ్చింది కదా, ఇక మాత్ర ఎందుకు?" అని ఇంకొందరు అడుగుతారు. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్ వచ్చింది. ఒంట్లో ఉన్న టి4 సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. అందుకే మాత్ర ఆపిన మొదటి రోజుల్లో ఏ ఇబ్బందీ తెలియదు. తర్వాత మెల్లగా నీరసం, మలబద్ధకం, చలి, మతిమరుపు మొదలవుతాయి. అప్పటికి మాత్ర ఆపిన సంగతి చాలామందికి గుర్తే ఉండదు. మోతాదు మార్చాక ఆరు వారాలు ఆగి పరీక్ష చేయించమనేది కూడా ఇందుకే. పదో రోజున చేయిస్తే డబ్బు దండగ. థైరాయిడ్ ఎక్కువై కార్బిమజోల్ వాడేవారిలో టి4 సర్దుకున్నా టి.ఎస్.హెచ్. కొన్ని నెలలపాటు అడుగునే ఉండిపోవచ్చు.

కొన్ని రిపోర్టుల్లో లెక్క పొసగదు. టి.ఎస్.హెచ్. ఎక్కువగా ఉంటుంది, ఫ్రీ టి4 కూడా మామూలుగానో, కాస్త పైనో ఉంటుంది. రెండు నెలలు మాత్ర సరిగా వేసుకోకుండా, పరీక్షకు నాలుగు రోజుల ముందు నుండి శ్రద్ధగా వేసుకున్నవారి రిపోర్టు తరచు ఇలా వస్తుంది. టి4 వెంటనే పెరుగుతుంది గాని టి.ఎస్.హెచ్. దిగడానికి వారాలు పడుతుంది. డాక్టరు ముందు మొహమాటపడి "రోజూ వేసుకుంటున్నానండీ" అంటే మోతాదు అనవసరంగా పెరుగుతుంది. పెద్ద వయసులో ఆ ఎక్కువ మోతాదు వల్ల గుండె లయ తప్పవచ్చు, ఎముకలు గుల్లబారవచ్చు. మానేసిన రోజులుంటే ఉన్నాయని చెప్పండి. ఎవరూ కోప్పడరు, కోప్పడినా నష్టం లేదు.

మాత్ర తప్పకుండా వేసుకుంటున్నా టి.ఎస్.హెచ్. దిగకపోతే, దేనితో వేసుకుంటున్నారో చూడాలి. కాఫీ, టీలతో గాని, ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి గాని వేసుకుంటే మందు పూర్తిగా ఒంటబట్టదు. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుండి గంట ఆగి టిఫిన్ తినాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. పరీక్ష రోజున రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవడం మంచిది.

బయోటిన్ సంగతి చాలామందికి తెలియదు. జుట్టు, గోళ్ల కోసం వాడే మాత్రల్లో ఈ విటమిన్ ఎక్కువ మోతాదులో ఉంటుంది. ఇది ఒంటికి చేసే హాని ఏమీ లేకపోయినా, కొన్ని ల్యాబుల యంత్రాలను పక్కదారి పట్టిస్తుంది. టి.ఎస్.హెచ్. ఉన్నదానికంటే తక్కువగా, టి4 ఎక్కువగా కనబడి, లేని జబ్బు ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. థైరాయిడ్ తగ్గినవారికే జుట్టు రాలుతుంది, వారే ఈ మాత్రలు కొంటారు! పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపి, వాడుతున్నట్టు డాక్టరుకు చెప్పండి.

గర్భిణీ స్త్రీల విషయంలో రిపోర్టు మీద ఉన్న మామూలు హద్దులు పనికిరావు. మొదటి మూడు నెలల్లో టి.ఎస్.హెచ్. సహజంగానే దిగుతుంది, మొత్తం టి4 క్రమంగా దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. అయితే ముందునుండీ థైరాయిడ్ మాత్ర వాడేవారికి మోతాదు నాలుగోవంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పెంచవలసి వస్తుంది. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. నెల తప్పిన వెంటనే రండి, మూడో నెల దాకా ఆగవద్దు.

టి4 బాగానే ఉండి టి.ఎస్.హెచ్. 4.5కు, 10కి మధ్య ఉంటే తొందరపడవలసింది లేదు. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చేయిస్తే చాలామందిలో అదే సర్దుకుంటుంది. డెబ్బై దాటినవారిలో కొద్దిపాటి పెరుగుదల వయసు వల్లనే కావచ్చు. గర్భిణులకు, గర్భం కోరుకునేవారికి మాత్రం ఈ ఓపిక వర్తించదు.

ఇక మేస్త్రీకే జబ్బు చేస్తే? అప్పుడు థైరాయిడ్ పని ఎంత తగ్గినా కేక వినబడదు. టి4 తక్కువగా ఉన్నా టి.ఎస్.హెచ్. నార్మల్ అనే వస్తుంది. టి.ఎస్.హెచ్. ఒక్కటే చేస్తే ఈ జబ్బు దొరకదు. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన తల్లుల్లో పిట్యూటరీ గ్రంథి దెబ్బతింటుందని 1937లో ఇంగ్లండుకు చెందిన డాక్టర్ షీహాన్ వివరించారు. అటువంటి తల్లికి పాలు పడవు, నెలసరి తిరిగి రాదు, ఏళ్ల తరబడి నీరసం వదలదు. చంకల్లో వెంట్రుకలు రాలిపోతాయి. బలహీనత అనుకుని టానిక్కులతో కాలం గడిచిపోతుంది. ఇలాంటివారిలో చాలామందికి కార్టిసాల్ అనే మరో హార్మోన్ కూడా తగ్గి ఉంటుంది. దాన్ని సరిచేయకుండా ముందుగా థైరాయిడ్ మాత్ర ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. మీకో, మీ ఇంట్లో మరొకరికో కాన్పులో రక్తం ఎక్కించవలసి వచ్చి, ఆ తర్వాత ఈ లక్షణాలుంటే, ఆ కాన్పు ఇరవై ఏళ్ల కిందటిదైనా డాక్టరుకు చెప్పండి. టి.ఎస్.హెచ్.తో పాటు ఫ్రీ టి4, ఉదయం పూట కార్టిసాల్ పరీక్ష చేయవలసి ఉంటుంది.