నల్లరేగడి నేల, దాచిన పగులు

గల్ఫ్‌లో కూడబెట్టిన సొమ్ముతోనో, పదవీ విరమణ సొమ్ముతోనో ఒక ఇల్లు కొని అద్దెకివ్వాలన్న ఆలోచన విజయవాడ పరిసరాల్లోని మన కుటుంబాల్లో సాధారణం. వడ్డీ సోకని ఆదాయం గనుక మార్గం మేలైనదే. అయితే ధర, దస్తావేజుల విషయంలో చూపే శ్రద్ధను నేల విషయంలో చూపేవారు తక్కువ.

కృష్ణా డెల్టాలో అధిక భాగం బంకమన్ను, నల్లరేగడి. ఈ మట్టి నీరు పీల్చుకుని ఉబ్బుతుంది. వేసవిలో కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఒక మూల తడిసి, మరొక మూల పొడిగా ఉన్నప్పుడు పునాది సమంగా నిలవదు. కిటికీ మూలల నుండి ఏటవాలుగా పగుళ్ళు సాగుతాయి, తలుపులు బిగుసుకుపోతాయి. గోడ పక్కన కారుతున్న పాత నీటి గొట్టం, పగిలిన మురుగు కాలువ ఇందుకు చాలు.

2024 సెప్టెంబరు తొలి దినాల్లో బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం రోజుల తరబడి నీట మునిగాయి. అంతగా నానిన రేగడి ఆరేటప్పుడు దాని మీది గోడ పగలవచ్చు. ఆ పగులుకు పుట్టీ పట్టించి, రంగు వేసి అమ్మడం కొందరి దృష్టిలో వ్యాపార దక్షత. షరీఅతులో దాని పేరు మోసం. బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలితే, తడిసినదాన్ని పైకి కనబడేలా ఎందుకు ఉంచలేదని దైవప్రవక్త (స) ఆ వర్తకుణ్ణి నిలదీసిన సంగతి ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. అమ్మకానికి ముందే ఉండి, కొన్నవానికి తెలియని లోపం బయటపడితే సొత్తును తిప్పి ఇచ్చే హక్కును ఫిఖహ్ పండితులు ‘ఖియారుల్ ఐబ్’ అన్నారు.

దేశ చట్టమూ దీనికి దగ్గరగానే ఉంది. సాధారణ పరిశీలనకు అందని ముఖ్య లోపం అమ్మేవానికి తెలిసి ఉంటే, దాన్ని కొనేవానికి చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షన్ చెబుతుంది. బిల్డరు వద్ద కొన్న ఫ్లాటులో స్వాధీనం నాటి నుండి 5 ఏళ్ళలోగా నిర్మాణ లోపం తేలితే, తెలిపిన 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలన్నది 2016 నాటి రెరా చట్టం. ఈ హక్కు తెలియక ఊరకున్నవారు మనలో ఎందరో!

కొనేముందు ఇంటిని మే నెలాఖరున ఒకసారి, వానల్లో మరొకసారి చూడండి. పాత ఇంట్లో ఒక్క గోడకే కొత్త పుట్టీ కనబడితే కారణం అడగండి. పునాది పైల్స్ మీద లేచిందా, రేగడి తీసి గ్రావెల్ నింపి కట్టారా అన్నది సివిల్ ఇంజనీరు చేత విచారింపజేయండి. 2024లో నీరు ఎంత ఎత్తు వచ్చిందో పొరుగువారు చెబుతారు. ఆ ఎత్తును, జరిగిన మరమ్మతులను అగ్రిమెంటులో రాయించుకోవడానికి ఒక్క పేరా చాలు. అందుకు ఒప్పుకోని వారి ఇల్లయితే, బయానా ఇవ్వకముందే ఇంజనీరును మరోసారి తీసుకెళ్ళండి.